అచ్చు కొట్టినవాడి తప్పు

మా బావ పోయారు. మా అక్క భర్త. కబురు తెచ్చింది బటాంగ్ బెర్జుంటై నుంచి క్లాంగ్ రేవుకి రబ్బరు తోలే లారీ డ్రైవరు. మా వాకిట్లో బండి ఆపాడు గానీ దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, తూకం కొట్టం బాబు పొద్దున్న పోయినారు. మీ అక్క నిన్ను బేగి రమ్మంది లా" అని మలయ్ యాసలో అనేసి వెళ్లిపోయాడు. లోపల పొయ్యి మీద పులుసు మరుగుతోంది. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అంతకు ముందు వారమే ఆయన మా ఇంటికి వచ్చి, నేనిచ్చిన కాఫీ తాగి, "ఏటే మరదలా, ఇది కాఫీయా, గిన్నె కడిగిన నీళ్లా?" అని వెక్కిరించి వెళ్లారు. నేనూ ఊరుకోలేదు, నాలుగు అన్నాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇద్దరికీ అదే వరస. ఇక నన్ను వెక్కిరించేవాళ్లు లేరు. పులుసు మాడిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలుసు. ఏమని తెలుసో కూడా నాకు తెలుసు. "పేరు తప్పు రాసిన కిరాణి" అంటారు. రబ్బరు తోట ఆఫీసులో గుమాస్తాగా ఉండి, ఒక కూలివాడి పేరు తప్పుగా ఎక్కించి, వాణ్ణి పోలీసుల పాలు చేసి, కుర్చీ పోగొట్టుకుని, రబ్బరు పాలు తూచే కొట్టంలో పడ్డ మనిషి అని. ఆ కూలివాడు మా ఆయనే. కాబట్టి ఈ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఇన్నాళ్లూ పళ్లు బిగించి ఊరుకున్నాను. తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీని ఈ ఏడాది ఎత్తేశారు, ఇప్పుడు చెప్పడానికి భయం లేదు. వినడానికి ఆయన లేరు. నా కడుపుమంట అదే.

అసలు ఆయన తప్పు రాసే మనిషేనా? మా పెళ్లి శుభలేఖలో ఒక దీర్ఘం ఎగిరిపోయిందని, ఎండలో సైకిలు తొక్కుకుంటూ ప్రెస్సుకి వెళ్లి, కట్టలన్నీ వెనక్కిచ్చి మళ్లీ వేయించిన మనిషి. "పెళ్లికి వచ్చినోళ్లు అన్నం తింటారు గానీ దీర్ఘాలు తింటారేటి బావా?" అన్నానని నాతో రెండు పూటలు మాట్లాడలేదు. తెల్లవారుజామున పెరట్టులో, అంటే హాజరు వేళ, కూలీల్ని వరసగా నిలబెట్టి పేర్లు పిలిచేటప్పుడు, పక్క తోటల కిరాణీలు "ఒరే పొట్టోడా, ఒరే నల్లోడా" అని పిలుస్తుంటే ఈయన మాత్రం ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో పిలిచేవారు. ఎందుకంత ఓపిక అని అడిగితే, "ఓడ దిగినోడికి ఇక్కడ ఇంకేటుంది? పేరొక్కటే ఉంది. అదీ సగమే పిలిస్తే ఎలాగే?" అనేవారు.

ఈ అక్షరాల పిచ్చికి మూలం వాళ్లమ్మ మెడలోని దండ. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు నాలుగు వెండి బిళ్లలు గుచ్చిన దండతో వచ్చింది. వాళ్ల తాతలెవరో మెట్ట దున్నుతుంటే కుండలో దొరికాయట. ఒక్కో బిళ్ల మీదా గడ్డం ఉన్న ఒక మనిషి తల, చుట్టూ ఇంగ్లీషు లాంటి అక్షరాలు. నలుగురూ అన్నదమ్ములని ఆవిడ నమ్మకం. ఆవిడ పోయాక దండ మా అక్క మెడలోకి వచ్చింది. సీమకి వెళ్లిపోతూ పాత దొర ఒకాయన వదిలేసిన పుస్తకాల్లో రోము నాణేల పుస్తకం ఒకటి బావ చేతికి చిక్కింది. ఇక చూడండి, భూతద్దం ఒకటి కొనుక్కొచ్చి, మా అక్కని వెలుగులో కూర్చోబెట్టి మెడ మీదే నాణేలు చదవడం మొదలుపెట్టారు. అక్క మెడ పట్టేసిందని ఏడిస్తే దండ తెంపి పొగాకు డబ్బాలో పెట్టుకున్నారు.

ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "నలుగురు కాదే, ఒక్కడే. రోము రాజు, హడ్రియన్ అని."

"మరి నాలుగు రకాలుగా రాసినారేటి?"

"అదేనే తమాషా. ముఖం సూడకు, సుట్టూ ఏటి రాసినారో సదువు. ఇది ఈడు గద్దెనెక్కిన కొత్తల్లోది. ఎంత ఇరుగ్గా ఉందో సూడు. ముందు తండ్రి పేరు ట్రాజన్, ఎనకాల ఈడి పేరు, ఆ ఎనకాల జర్మనీ గెలిచినోడు, డేసియా గెలిచినోడు అని బిరుదులు. ఈడు గెలిచినాడా? నేదు. తండ్రి గెలిచినాడు."

"మరి ఈడికెందుకు తగిలించినారు?"

"ఈడు అప్పటికి సిరియాలో ఉన్నాడు. నాణేలు కొట్టే అచ్చుశాల రోములో ఉంది. కొత్త రాజు పేరు ఎలా ఏయాలో అచ్చు కొట్టినోడికి కబురు రానేదు. పాత రాజు బిరుదులే కొత్తోడికి ఏసేసినాడు. తరవాత దిద్దుకున్నారు."

రెండో బిళ్లలో బిరుదులు పోయి, తండ్రి పేరు మిగిలింది. మూడోదానికి వచ్చేసరికి తండ్రి పేరు కూడా పోయింది. హడ్రియన్ అగస్టస్, అంతే. చుట్టూ బోలెడు ఖాళీ. నాలుగోదానిలో, ఇప్పుడు తనే దేశానికి తండ్రి అని చిన్న అక్షరాలు రెండు చేరాయి. తండ్రి పేరు తీసేశాడంటే తండ్రి మీద కోపమా అని అడిగాను. బావ డబ్బా మూత పెట్టి, "కోపం కాదే. కన్న తండ్రి కాదు, పెంచుకున్నోడు. నిజంగా పెంచుకున్నాడా అని కూడా ఊరంతా గుసగుసలే. భయం ఉన్నన్నాళ్లూ ఆ పేరు మోసినాడు. భయం తీరినాక దింపేసినాడు" అన్నారు.

మన జేబులో నాణేలూ అంతేనని చూపించేవారు. యుద్ధానికి ముందువాటి మీద రాజు పేరు పక్కన ఇండియా చక్రవర్తి అని ఉండేది. ఇండియాకి స్వతంత్రం వచ్చాక వేసినవాటి మీద ఆ మాట లేదు. రాజు తల మాత్రం అదే. రెండూ అరచేతిలో పెట్టుకుని దారిన పోయేవాళ్లని ఆపి మరీ చూపించేవారు. వినేవాళ్లు వినేవారు, "కిరాణి బాబుకి పనేటి నేదు" అని నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవారు. ఒక దీపావళికి మా అక్క ముచ్చటపడి ఆ నాలుగు బిళ్లల్నీ చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది. ఓలమ్మో, ఆ రోజు ఆయన పండగ భోజనం ముట్టలేదు! "రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన అచ్చరాలే, నీ చింతపండుకి నిలవాలా?" అని ఒకటే గోల.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. మన ఆడవాళ్లు మొగుడి పేరు, మామగారి పేరు నోటితో అనరు. కొత్తగా చెప్పక్కర్లేదు, మీ ఇళ్లల్లోనూ ఉన్నదే. మా ఆయనకి వాళ్ల తాతగారి పేరు పెట్టారు, అప్పలసామి అని. మీకు అర్థం కావాలి కాబట్టి రాస్తున్నాను, నోటితో అయితే నేనూ అనను. కొడుక్కి మామగారి పేరు పడింది, మరి ఆ పేరుతో కొడుకుని ఎలా పిలుస్తుంది? అందుకని మా అత్తగారు పుట్టినప్పటి నుంచీ బంగారయ్యా అని పిలిచారు. కూలీలుండే లైన్ల ఇళ్లలో అందరికీ బంగారయ్యే. ఆఫీసులో మాత్రం బావ అప్పలసామి అని రాశారు. అది మా మామగారు స్వయంగా వచ్చి రాయించిన పేరు.

ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద మిలిటరీ. ప్రతి మనిషికీ ఫొటో కార్డు ఉండాలన్నారు. సర్కారువాళ్లు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్న రోజు మా ఆయన రబ్బరు చెట్లు గియ్యడానికి వెళ్లారు. నేనింకా ఆ ఇంటికి కోడలిగా రాలేదు. మామగారు అప్పటికే పోయారు, అత్తగారు ఒక్కరే ఉన్నారు. కొడుకు పేరేమిటంటే ఏం చెబుతుంది? బంగారయ్య అని చెప్పింది. ఫొటో తీసిన రోజు మా ఆయన వేలిముద్ర వేసి కార్డు తెచ్చుకున్నారు. అందులో ఏం రాసి ఉందో ఎవరూ చదివి చెప్పలేదు. ఆయన దాన్ని నూనెగుడ్డలో చుట్టి భద్రంగా దాచుకున్నారు.

మా పెళ్లయిన మరుసటేడు, తోట గేటు దగ్గర సోదా జరిగింది. అడవిలోకి బియ్యం పోతున్నాయని అనుమానం. కూలీల కార్డులు తీసుకుని తోట రిజిస్టరులోని పేర్లతో సరిచూశారు. కార్డులో బంగారయ్య, తోటలో అప్పలసామి. ఒక మనిషికి రెండు పేర్లు! ఆ రోజుల్లో రెండు పేర్లున్నది అడవిలోవాళ్లకే. మా ఆయన్ని పాల బకెట్టు కింద పెట్టమని, లారీ ఎక్కించారు.

స్టేషనుకి బావ, అత్తగారు, నేను వెళ్లాం. ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు ఒకాయన, మాట మార్చి చెప్పడానికి మలయ్ కానిస్టేబులు ఒకతను. "మక్చిక్, నీ కొడుకు పేరేమిటి?" అని, పెద్దమ్మా అన్నట్టుగా, కానిస్టేబులు అడిగాడు. "బంగారయ్య" అంది అత్తగారు. "మరి అప్పలసామి ఎవరు?" అన్నాడు. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవరు?" అన్నాడు మళ్లీ. ఆవిడ కళ్లంట నీళ్లు, నోట్లోంచి మాట లేదు. ఆ పేరు తన నోట వస్తే కొడుక్కే కీడని ఆవిడ భయం. తల్లి ఏదో దాస్తోందని ఇన్‌స్పెక్టరు అనుకున్నాడు. అనుకోడూ మరి! ఆచారం ఇదీ అని బావ చెప్పబోతే, దొరికిపోయాక అందరూ ఏదో ఒక ఆచారం చెబుతారన్నాడు. ఇలాంటి కేసుల్ని ఓడ ఎక్కించి ఇండియా పంపేస్తారని కానిస్టేబులు మెల్లగా నా చెవిన వేశాడు. ఇండియా! మా ఆయన ఈ తోట లైన్లలో పుట్టారు. ఓడంటే ఏమిటో తెలీదు.

మర్నాడు బావ పొగాకు డబ్బా చొక్కా జేబులో పెట్టుకుని మళ్లీ బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. ఇన్‌స్పెక్టరు బల్ల మీద నాలుగు వెండి బిళ్లలూ వరసగా పేర్చి, ఆయనకొచ్చిన ఇంగ్లీషులో మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. ఒకటే మనిషి, ఒకటే ముఖం, నాలుగు చోట్ల నాలుగు రకాల పేరు. తండ్రి పేరు ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. అంతమాత్రాన మనిషి మారతాడా దొరా అని. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు, బిళ్లలు చేతిలోకి తీసుకుని శ్రద్ధగానే చూశాడు. మంచి సరుకు, జాగ్రత్త చేసుకో అని కూడా అన్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు. బస్సెక్కాక బావ నాకు తెలుగులో చెప్పారు. "సక్రవర్తి తన పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చంట. కూలోడికి ఒక్కటే ఉండాలంట."

ఆ మాట చెప్పి ఆయన జేబులోంచి డబ్బా బయటికి తీశారు. డబ్బా మూత తీస్తున్నారు, పెడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. నా మొగుడు లాకప్పులో ఉంటే ఈయన నాణేల పాఠం చెప్పి వచ్చారని గట్టిగానే అరిచాను. బస్సులో చీనావాళ్లు, మలయ్‌వాళ్లు అందరూ మావైపే చూశారు. బావ నా మాట విననట్టు, మొదటి బిళ్ల బయటికి తీసి, "మరదలా, ఈ బిరుదులు తప్పు పడినాయి గదా. మరి రాజునెవరైనా అడిగినారేటే?" అన్నారు.

"నన్నడుగుతావేటి బావా? నాకేటి తెలుసు?"

"అడగరు. అచ్చు కొట్టినోణ్ణి అడుగుతారు" అన్నారు.

నాకప్పుడు అర్థం కాలేదు. మూడో రోజు ఆయన ఒక్కరే వెళ్లి, తప్పు తనదేనని ఇన్‌స్పెక్టరుకి చెప్పుకున్నారు. కార్డులో ఉన్న బంగారయ్యే అసలు పేరు, తోటలో అప్పలసామి అని రాసింది తానే, వేరే ఎవరి పేరో పరాకున ఇతనికి వేసేశానని. మరి ఇన్నేళ్లూ పెరట్టులో అప్పలసామి అంటే ఇతను ఎందుకు పలికాడని ఇన్‌స్పెక్టరు అడిగాడట. "కిరాణి ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకి పలుకుతాడు దొరా, కూలివాడు" అన్నారట బావ. ఆ మాట మాత్రం దొర వెంటనే నమ్మాడు.

మా ఆయన ఇంటికొచ్చారు. చిక్కి సగమయ్యారు గానీ వచ్చారు. బావకి ఆఫీసు కుర్చీ పోయింది. పోలీసుల ముందు తోట పరువు తీశాడని మేనేజరు దొర మండిపడి, పాలు తూచే కొట్టానికి పంపేశాడు. పెద్ద కిరాణి అవుతారని మా అక్క ఎప్పటి నుంచో కలలు కంటూ ఉండేది. అది ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు. లైన్లలో జనం ఊరుకుంటారా? "పేర్లు పేర్లని ఎగిరినాడు, సివరికి మరదలి మొగుడి పేరే తప్పు రాసినాడు లా" అని నవ్వారు. నేను వీధిలోకి వెళ్లి నాలుగు దులిపేద్దామని కొంగు బిగించాను. బావ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "నువ్వు నోరిప్పితే ఆడు మళ్లీ లారీ ఎక్కుతాడే. నవ్వనీ. నవ్వుకి ఎవరూ సావరు" అన్నారు. నిజమే, ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ ఆ అబద్ధమే మాకు దిక్కు. మా అత్తగారికి కూడా అదే మాట చెప్పి పెట్టారు.

నవ్వుకి ఎవరూ చావరన్నారు గానీ ఆయన కుంగిపోవడం నేను చూశాను. కొట్టంలో అక్షరాలతో పని లేదు. పెరట్టు జరిగే వైపు వెళ్లడం మానేశారు. కొత్త కిరాణి "ఒరే పొట్టోడా" అని పిలుస్తుంటే, కొట్టంలోంచి విని తల దించుకునేవారట.

మర్డేకా వచ్చింది, ఈ దేశానికి స్వతంత్రం. తోటలో జెండా ఎత్తారు, పిల్లలకి మిఠాయిలు పంచారు. బావ కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. జేబులోంచి నాణెం తీసి, "దేశం మనదైంది గానీ దీని మీద ఇంకా రాణే ఉందే. కబురు అందనేదు కామోసు" అని చాలా రోజుల తర్వాత నవ్వారు. ఆ వెంటనే పౌరసత్వానికి పేర్లు రాయించుకోమన్నారు. రాతకోతలకి తోడు రమ్మని మా ఆయన అడిగితే బావ రానన్నారు. నేను దెబ్బలాడటానికి వెళ్లాను. ఆయన కొట్టం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "అక్కడ ఆణ్ణి బంగారయ్యా అని పిలుస్తారు. ఆడు పలుకుతాడు. ఆడి తాత పేరు నా చేత్తోనే తీసేసినానే. నాను సూడనేను" అన్నారు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదొక్కసారే. పక్కన కూర్చున్నాను, అంతే. నా మొగుణ్ణి నాకిచ్చిన మనిషిని ఓదార్చడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

పెద్దకర్మ రోజున తోట మొత్తం వచ్చింది. కొట్టం పక్కన పందిరి వేసి వరసలుగా ఆకులు వేశారు. మా ఆయన నీళ్లు పోస్తున్నారు, నేనూ అక్కా వడ్డిస్తున్నాం. బావతో కలిసి పనిచేసిన ముసలాయన ఒకరు అన్నం కలుపుకుంటూ, జాలిగానే, "మా మంచోడు. పాపం, ఆ పేరొక్కటే తప్పు రాసినాడు" అన్నాడు. పక్కవాళ్లు తలలూపారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోగా, గోడ వార కూర్చున్న మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచింది. ఈ మధ్య ఎవరైనా చెయ్యిస్తేనే గానీ లేవదు.

"అప్పలసామి!" అంది.

పందిరి పందిరంతా ఆగిపోయింది. ఆ గొంతులో ఆ పేరు ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆవిడ కొంగు నోటి దాకా తెచ్చుకుని, మళ్లీ దించేసింది.

"అది నా మావ పేరు. నా కొడుక్కి ఎట్టిందీ ఆ పేరే. ఆయేళ నానే సెప్పనేకపోనాను. కిరాణి బాబు తప్పు రాయనేదు. ఇంటన్నారా? తప్పు రాయనేదు."

 వరసల చివర నుంచి ఒక గొంతు వినబడింది. మా ఆయన నీళ్ల చెంబు పట్టుకుని, పిలుపు వచ్చినవైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"వొస్తన్నానమ్మా" అన్నారు.